ఎలుక ఉంటేనే వార్త

రండి, కూచోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, గోడకు ఆనించుకోండి. సూరత్‌లో చలేమిటని ఆదిలాబాద్ వాళ్లు నవ్వుతారు గానీ, జనవరి రాత్రి ఎనిమిది దాటితే మా గోడాదరా గల్లీలో కూడా చేతులు చాపుకోవాలనిపిస్తుంది. నిజం చెప్పాలంటే మాకు నెగడు చలి కోసం కాదు, ముచ్చట కోసం. అందులో కట్టెలు తక్కువ. దారం చుట్టుకొచ్చే అట్టగొట్టాలు, చీరల పార్సిళ్ల అట్టపెట్టెలు, విరిగిన మంచంకోడు, ఏది దొరికితే అది. పాలిస్టర్ పీలిక మాత్రం పడనివ్వకండి. ఒక్కటి పడ్డా గల్లీ అంతా కంపు.

ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి తాతలనాడే సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, వచ్చిన పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియా, ఎటు తిరిగినా తెలుగు వినబడుతుంది. మున్సిపాలిటీ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతారంటే ఊరి నుంచి వచ్చిన చుట్టాలు నమ్మరు. పిల్లల్ని చేయిపట్టి తీసుకెళ్లి బోర్డు చూపించాల్సిందే.

ఇప్పుడు లోచో సంగతి చెప్పాలి. సూరత్ వచ్చి లోచో తినకుండా పోతే వచ్చినట్టే లెక్క కాదు. శనగపప్పు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. అచ్చు ముక్కలుగా నిలబడితే ఖమణ్, నిలబడకుండా ముద్దయితే లోచో. పైన నూనె, సేవ్, ఉల్లిపాయ ముక్కలు, పక్కన పచ్చచట్నీ. ఖమణ్ చేయబోయి ఎవరికో చెడిపోతే అదే రుచిగా ఉందని అమ్మేశారని ఇక్కడివాళ్లు చెబుతారు. గుజరాతీలో పని బెడిసికొట్టినా 'లోచో' అయిందనే అంటారు. సాంచాలో దారం తెగితే లోచో, సేటు హిసాబు తప్పితే లోచో, పెళ్లిపిల్ల ఫొటో ఒకటి పిల్ల ఇంకొకటి అయితే పెద్ద లోచో. తెలుగులో ఇంత మంచి మాట మనకెందుకు లేదో అని నాకు ఎప్పుడూ కొంచెం కడుపుమంట.

ఈ నెగడు దగ్గర లోచోలన్నిటికీ ఎడిటర్ ఒకాయన ఉన్నాడు. మూడో ఇంటి మామ. పగలో రాత్రో పన్నెండు గంటల డ్యూటీ, ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఫోనులో మాత్రం ఊరి వార్త ఒక్కటి వదలడు. చూసి, వడగట్టి, గ్రూపులో పెడతాడు. ఆయన వడపోతకు ఒకటే సూత్రం ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎలా అర్థమైందో చెబుతాను.

2024 జూలై. వాన పడుతోంది, ఆదివారం కాకపోయినా మామకు సెలవు, అందరం లోచో తింటున్నాం. ఆయన ఫోను నా ముఖం ముందు పెట్టాడు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని జేఎన్‌టీయూ ఇంజనీరింగు కాలేజీ హాస్టలు మెస్. ఇంత పెద్ద గిన్నె, మూత లేదు, అందులో ఎలుక. చచ్చిన ఎలుక కాదండీ, ఈదుతున్న ఎలుక. అంచు పట్టుకుందామని పోతుంది, జారుతుంది, మళ్లీ ఒక చుట్టు. మామ జూమ్ చేసి చూపించాడు. నా ప్లేటులో చట్నీ అలాగే ఉండిపోయింది.

"తిను అల్లుడూ, ఇది సూరత్ చట్నీ."

"మామా, నువ్వు ముందు గది బంద్ చెయ్యి."

ఆ వీడియో మా గల్లీలోనే కాదు, దేశమంతా తిరిగింది. ఆరోగ్య మంత్రి దామోదర రాజనర్సింహ తనిఖీ చేయమన్నారు, అధికారులు పరుగెత్తారు. ఆ ఊరు ఆయన అందోలు నియోజకవర్గంలోదే కూడా. కాలేజీ పెద్దలేమో అది చట్నీ కాదు, కడగడానికి పెట్టిన గిన్నె అన్నారు. అదైనా సరే, నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. కడగబోయే గిన్నెలో ఎలుక స్నానం చేసిందంటే ఊరట పడాలా, కంగారు పడాలా? మా చిన్నమ్మ తేల్చేసింది: "గిన్నెల పడ్డదంటె ఇంట్ల ఉన్నట్టే గద బిడ్డా." దీనికి జవాబు ఏ ప్రిన్సిపాల్ దగ్గరా ఉండదు.

జేఎన్‌టీయూ అంటే మా వాళ్లకు భయం, భక్తి రెండూ. 1972లో పుట్టింది, 2008లో ముక్కలైంది. హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని మూడు, కళలకూ కట్టడాలకూ ఇంకొకటి. మనవాళ్లలో ఇంజనీరు అయిన ప్రతి నాలుగో పిల్లవాడి మెమో మీదా ఆ నాలుగక్షరాలే కనబడతాయి. ఇక్కడ సూరత్‌లోనూ పెద్ద సాంకేతిక సంస్థ ఉంది లెండి, డుమస్ రోడ్డులో ఎస్వీఎన్‌ఐటీ. 1961లో రీజినల్ ఇంజనీరింగు కాలేజీగా పెట్టారు, సర్దార్ పటేల్ పేరు. మన వరంగల్ రీజినల్ కాలేజీకి రెండేళ్లు చిన్న తమ్ముడు. మన జిల్లాల పిల్లలు ర్యాంకులు కొట్టి అక్కడికీ వస్తారు. కానీ మా గల్లీలో దానికున్న పేరు వేరు. 'ఓట్లు లెక్కబెట్టే కాలేజీ' అంటారు. 2022 డిసెంబరు అసెంబ్లీ ఎన్నికల లెక్కింపు అక్కడే జరిగింది మరి. 2024 లోక్‌సభకు సూరత్‌లో ఆ పనే లేకపోయింది, బరిలో ఒక్కడే మిగిలితే లెక్కేముంది? అదొక లోచో, దాని జోలికి ఇవాళ పోవద్దు.

బాసరకు పోదాం పదండి.

బాసర అంటే మనకు సరస్వతమ్మ. పిల్లవాడికి అక్షరాభ్యాసం చేయించాలంటే సూరత్ నుంచి కూడా రైలెక్కి పోతారు. పలక, బలపం, బియ్యంలో వేలు. ఆ అమ్మవారి పక్కనే 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. మనం ట్రిపుల్ ఐటీ అంటాం. నూజివీడు, ఇడుపులపాయ దీని అక్కచెల్లెళ్లు. పదో తరగతి కాగానే మార్కులు చూసి తీసుకుంటారు. సర్కారు బడి పిల్లలకు కొంచెం అదనం కలుపుతారు. రెండేళ్లు ఇంటరు లాంటిది, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ అక్కడే తిండి, అక్కడే పడక. బీడీలు చుట్టే తల్లి బిడ్డ, సాంచా నడిపే తండ్రి కొడుకు ఇంజనీరు కావాలంటే ఇంతకంటే దగ్గరిదారి లేదు. అందుకే మా గల్లీలో ఎవరి చుట్టాల పిల్లకైనా బాసరలో సీటు వస్తే ఇక్కడ కూడా పేడాలు పంచుతారు.

2022 జూన్ 14న ఆ పిల్లలు బయటికొచ్చి కూచున్నారు. వందా రెండొందలు కాదు, దాదాపు ఎనిమిది వేల మంది. పన్నెండు కోరికల కాగితం ఒకటి పట్టుకున్నారు. అందులో ముఖ్యమైనది ఏమిటనుకున్నారు? తిండి కాదు. తమ విశ్వవిద్యాలయానికి పూర్తికాలపు వైస్ చాన్సలర్ కావాలి అని. దానితోపాటు లెక్చరర్లు, లాప్‌టాపులు, మెస్సు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలు రాసుకున్న కాగితం అది. నేనైతే ముందు పప్పు గురించి రాసేవాణ్ణి.

వారం రోజులు కూచున్నారు. ఎండ కాసింది, వాన పడింది, గొడుగులు పట్టుకుని కూచున్నారు. నినాదాలిచ్చి, పాటలు పాడి, పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నారు కూడా. చదువుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి ముందు వాటిని 'సిల్లీ' కోరికలన్నారు. ఆ మాట మీద పెద్ద గొడవే అయింది. వారం తిరిగాక రాత్రిపూట అదే మంత్రి బాసర వచ్చి మాట్లాడితే పిల్లలు లేచారు.

ఆ వారం రోజులు మామ గ్రూపులో ఏం పెట్టాడో మీకు చెప్పాలి. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు ఒక వీడియో. పోలీసులు దారులన్నీ మూసేస్తే, అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి చేలకు అడ్డంపడి వచ్చి యూనివర్సిటీ గోడ దూకాడు. దూకిన వెంటనే పట్టుకున్నారు. ఆ గోడ దూకుడు మాత్రం మామ పదకొండు గ్రూపుల్లో పెట్టాడు. ఏడాదిన్నర తిరక్కుండా ఆ దూకినాయనే ముఖ్యమంత్రి అయ్యాక మళ్లీ ఒకసారి పెట్టాడు, "గోడ దూకితె కుర్సీ దొరుకుతది" అని రాసి. "మరి లోపల కూసున్న పిల్లలకేం దొరికింది మామా?" అంటే, "గది నువ్వు సూరత్ల కూసోని నన్నడుగుతె ఎట్ల?" అన్నాడు. అదీ న్యాయమే.

ఇంకో నెల తిరిగింది. జూలై 15న అదే బాసరలో మెస్సు అన్నం తిని వందమందికి పైగా పిల్లలకు వాంతులు. ఎగ్ ఫ్రైడ్ రైస్ అన్నారు. ఆ వేడి చల్లారకముందే ఒక వీడియో బయటికి వచ్చింది. మెస్ పనివాళ్లు వంటింట్లోనే స్నానం చేస్తున్నారు! వంటసామాను పక్కన, అదే బండల మీద, ఒళ్లు రుద్దుకుంటూ. ఇక చూడండి, మామ ఫోను ఆగితే ఒట్టు. గుజరాతీ పొరుగాయన కూడా భాష రాకపోయినా చూసి, "ఆ తో మోటో లోచో ఛే" అన్నాడు, ఇది పెద్ద లోచోనే అని. ఆగస్టులో గవర్నరు తమిళిసై స్వయంగా బాసర వచ్చి పిల్లలతో మాట్లాడారు. సెప్టెంబరులో అప్పటి మంత్రి కేటీఆర్ వచ్చారు.

నాకు ఆ స్నానం చేసినవాళ్ల మీద కోపం రాలేదండీ. వాళ్లూ కూలీలే. వేలమందికి వండేచోట మనిషి ఒళ్లు కడుక్కోవడానికి ఒక మూల లేకపోతే నీళ్లున్న చోటే కడుక్కుంటాడు. మా కారఖానాల్లో చూస్తున్నాం గదా, సాంచా పక్కనే పడక, సాంచా పక్కనే టిఫిను డబ్బా. కానీ ఇది చెబితే మామ వినడు. వీడియోలో కనబడిన మనిషే తప్పు చేసిన మనిషి, అంతే.

బాసరనూ సుల్తాన్‌పూర్‌నూ పక్కపక్కన పెట్టుకున్నాకే తెలిసింది నాకు మామ సూత్రం. ఎనిమిది వేల మంది వారం రోజులు వానలో కూచుని వైస్ చాన్సలర్ కావాలంటే ఆయనకు వార్త కాదు. ఎలుక ఒక్క చుట్టు ఈదితే వార్త. మామ ఒక్కడేనా? సుల్తాన్‌పూర్ గిన్నె దగ్గరికి అధికారులు ఎన్నాళ్లకు పోయారు, బాసర గేటు దగ్గరికి మంత్రి ఎన్నాళ్లకు పోయారు, మీరే లెక్క వేసుకోండి.

ఎలుక లేని లోచో ఎలా ఉంటుందో చెబుతాను. ఇది మా ఇంటి సంగతి, పేర్లు అడగొద్దు.

మా తమ్ముడి వరస పిల్లవాడు ఒకడు ఎంటెక్ చేశాడు. ఉద్యోగం ఊళ్లో దొరక్క ఇక్కడికొచ్చి రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల దుకాణంలో కూచున్నాడు. థాన్లు లెక్కబెట్టడం, బిల్లు రాయడం, లారీ వాడితో కొట్లాడటం. ఏడాదికి ఒకసారి మాత్రం ఇస్త్రీ చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడు. వరంగల్‌లో దిగేవాడు, అక్కణ్నుంచి ఏదో కాలేజీ బస్సు. మూడో రోజు మళ్లీ సూరత్‌లో ఉండేవాడు. పెళ్లిచూపులేమో అని పెద్దమ్మ మురిసిపోయేది.

అసలు సంగతి ఒక ఎండాకాలం రాత్రి మేడమీద చెప్పాడు. వాడి సర్టిఫికెట్లు ఒక ఇంజనీరింగు కాలేజీలో ఉన్నాయి. కాగితం మీద వాడు అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరు. జీతం బ్యాంకులో పడుతుంది, పడినదాంట్లో చాలా భాగం తిరిగి ఇచ్చేయాలి, మిగిలింది వాడికి. తనిఖీ వాళ్లు వచ్చే రోజున మాత్రం ప్రాణమున్న ప్రొఫెసరు కనబడాలి. అందుకే ఆ రైలు.

"ల్యాబుల నిలబెట్టిండ్రు అన్నా. మిషన్ల మీద ప్లాస్టిక్ కవర్లు గూడ తియ్యలె. తనిఖీ సారు 'ఏం సబ్జెక్ట్ చెప్తవ్' అన్నడు. నాకు 'డిజైన్' అని యాదికొచ్చింది, తర్వాత చీర డిజైన్లే యాదికొచ్చినయ్."

నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం. నవ్వు ఆగాక వాడే అన్నాడు, "నా పేరుమీద అరవైమంది పిల్లలున్నరన్నా. నేను ఒక్క దినం గూడ పాఠం చెప్పలె." దానికి ఎవరం ఏమీ అనలేకపోయాం. కింద గల్లీలో కుల్ఫీ బండి గంట వినబడుతూ ఉంది.

వాడు ఒక్కడే అనుకునేరు. ఫీజులు సర్కారే కడుతుందన్నాక మన దగ్గర ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి గదా. 2014 ఆగస్టులో జేఎన్‌టీయూ హైదరాబాద్, లెక్చరర్లు లేరు, ల్యాబులు లేవు అని ఒక్కసారే 174 కాలేజీలకు గుర్తింపు ఆపేసింది. కోర్టులు తిరిగారు. 2018 జనవరిలో కేంద్రమంత్రి ప్రకాశ్ జవదేకర్ ఆధార్ నంబర్లు కలిపి చూస్తే దేశం మొత్తం మీద 80,000 మంది అధ్యాపకులు లేనట్టే తేలారని చెప్పారు. ఒకే మనిషి రెండు మూడు చోట్ల. 2024 జూలైలో చెన్నై అన్నా యూనివర్సిటీ కిందా ఇదే బయటపడింది. అరప్పోర్ ఇయక్కం అనే సంఘం జాబితాలు కలిపి చూసి, 353 మంది ఒకటి కంటే ఎక్కువ కాలేజీల్లో పూర్తికాలపు ఉద్యోగులుగా ఉన్నారని చూపించింది. ఒకాయనైతే పదకొండు కాలేజీల్లో ఉన్నాడట. మా వాడు ఆ వార్త చదివి, "నాకు ఒక్కటే దొరికింది" అని దిగాలు పడ్డాడు.

వేలిముద్ర హాజరు వచ్చాక మా వాడి ప్రొఫెసరుగిరీ ఊడింది. రోజూ సూరత్ నుంచి బొటనవేలు ఎలా పంపుతాడు? సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి మూడుసార్లు తిరిగాడు, అదొక పెద్ద కథ. ఇప్పుడు వాడి దుకాణం వాడిదే.

ఈ కథ కూడా మామకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "వీడియో ఉన్నదా?" అన్నాడు. లేదన్నాను.

కొంచెం అట్ట వేయండి నెగట్లో. ఆఁ, చాలు.

జేఎన్‌టీయూ నడిపిన ఎంసెట్‌లోనూ ఒక పెద్ద లోచో జరిగింది, ఆడపిల్లల తల్లులకు ఇప్పటికీ గుర్తే. 2016లో వైద్య సీట్ల కోసం తెలంగాణలో మేలో ఒకసారి, జూలై 9న రెండోసారి పరీక్ష పెట్టారు. ఆ రెండోదాని పేపరు ఢిల్లీ అచ్చాఫీసు నుంచి బయటికి పోయింది. దళారులు పిల్లల్ని బయటి ఊళ్లకు తీసుకెళ్లి, గదుల్లో పెట్టి ప్రశ్నలు బట్టీ పట్టించారు. మొదటిసారి వేలల్లో ర్యాంకు వచ్చినవాడికి రెండోసారి పైన ర్యాంకు వస్తే పక్కింటివాళ్లకు అనుమానం రాదా? సీఐడీ దిగింది, పరీక్ష రద్దయింది, సెప్టెంబరు 11న మూడోసారి. మా చిన్నమ్మ మనవరాలు మూడూ రాసింది. "మూడుసార్లు తాళి కట్టించుకున్నట్టయింది" అని చిన్నమ్మ అన్న మాట మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

అనంతపురం వార్త విన్నారా? ఇది సాంకేతికం కాదు లెండి, జేఎన్‌టీయూ ఉన్న ఊళ్లోనే ఉన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. 2023 ఫిబ్రవరిలో, సిబ్బంది వరుసగా చనిపోతున్నారని మృత్యుంజయ హోమం తలపెట్టి సర్క్యులరు ఇచ్చారు. బోధించేవాళ్లు 500, మిగతావాళ్లు 100 రూపాయలు ఇవ్వాలని. విద్యార్థి సంఘాలు భగ్గుమన్నాయి. నాకు హోమం కంటే ఆ రేట్ల తేడా నచ్చింది. మృత్యువు దగ్గర కూడా పేస్కేలే.

మన సంగతే చెప్పుకుంటే గుజరాతీ పొరుగాయన చిన్నబుచ్చుకుంటాడు, ఇక్కడి లోచో కూడా ఒకటి చెబుతాను. 2024 డిసెంబరులో మనకు దగ్గరే, పాండేసరాలో దొంగ డాక్టర్లను పట్టుకున్నారు. పద్నాలుగు మందిని పట్టుకుంటే వెనక ఒక పట్టాల దుకాణమే బయటపడింది. ఎలక్ట్రో హోమియోపతి బోర్డు అని పేరు, 70 వేలు కడితే డాక్టరు పట్టా. దాదాపు 1,200 పట్టాలు ఇచ్చారని పోలీసుల లెక్క. అన్నిటికంటే ముద్దొచ్చేది ఏమిటంటే, ఏటా రెన్యూవల్ ఫీజు కూడా ఉంది! ఐదు వేల నుంచి పదిహేను వేల దాకా. కట్టకపోతే బెదిరింపులు. బైకు ఇన్సూరెన్సు లాగా అన్నమాట. మన ఎంటెక్ పిల్లవాడు చదివి కూడా చీరలు అమ్మాడు, వాళ్లు చదవకుండా సూదులు వేశారు. ఆ వార్త వచ్చాక మా గల్లీలో ప్రతి ఒక్కళ్లూ తమ డాక్టరు గోడమీద పట్టా ఒకసారి దగ్గరికెళ్లి చదివొచ్చారు. మా డాక్టరుకు కోపం వచ్చింది. నిజం డాక్టరే పాపం.

అదిగో మామ. డబ్బా చంకలో పెట్టుకుని రాత్రి డ్యూటీకి బయల్దేరాడు. నెగడు దగ్గర ఒక నిమిషం ఆగి, నిలబడే చేతులు కాచుకుంటాడు, రోజూ అంతే. ఫోను టింగుమంది. కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఏంది మామా?"

"ఏదో కాలేజట. లెక్చరర్లు లేరని పిల్లలు కూసున్నరంట."

"ఎలుక గిట్ల ఉన్నదా?"

ఇంకోసారి వేలితో కిందికి జరిపి చూశాడు. "లేదు" అని ఫోను జేబులో వేసుకుని, పర్వత్ పాటియా వైపు నడిచాడు.